విడిగా నంబర్ ప్యాడ్ కొనాలా, ఫుల్ కీబోర్డే మేలా? కొంటే వైరుదా, బ్లూటూత్‌దా?

ఎక్సెల్‌దాసు
నా ల్యాప్‌టాప్ 14 అంగుళాలది, నంబర్ ప్యాడ్ లేదు. పనేమో మొత్తం అంకెలే, బిల్లులు చూసి ఎక్సెల్‌లో ఎక్కించడం. పై వరుసలో ఉన్న అంకెలతో నెట్టుకురావడం ఇక నా వల్ల కావట్లేదు. ప్రతి మొత్తానికీ కళ్లు బిల్లు మీంచి కీబోర్డు మీదకి దించాల్సి వస్తోంది. యూఎస్‌బీ వైరుతో వచ్చే మామూలు 17 కీల ప్యాడ్ ఒకటి చూశాను. బ్లూటూత్‌ది ఇంకొకటి, దానికి 00, ట్యాబ్, బ్యాక్‌స్పేస్ అదనం. ఇవేవీ వద్దు, ఫుల్ సైజు కీబోర్డు కొనుక్కో అనేవాళ్లూ ఉన్నారు. తలా ఒక మాట చెబుతున్నారు. రోజంతా అంకెలు కొట్టేవాళ్లు ఏమంటారు?

పాతకాపు
ఫుల్ కీబోర్డు తీసుకోండి, పీడా వదిలిపోతుంది. విడి ప్యాడ్ తేలిగ్గా ఉంటుంది, బల్ల మీద కుదురుగా ఉండదు. వేగం అందుకున్నాక ఎంటర్ నొక్కిన ప్రతిసారీ నూలువాసి పక్కకి జరుగుతుంది. మనం గమనించం. కాసేపటికి 5 మీద ఉండాల్సిన మధ్యవేలు 4 అంచున ఉంటుంది. ఫుల్ కీబోర్డులో అక్షరాలకీ అంకెలకీ మధ్య దూరం ఎన్నటికీ మారదు, చేతికి కావలసింది అదే.

ఎడమప్యాడు
ఆ దూరం మారదు సరే, మరి మౌస్ సంగతో? నంబర్ ప్యాడ్ భాగం ఒక్కటే దాదాపు 9 సెంటీమీటర్లు తింటుంది. మౌస్ దాని అవతలికి పోతుంది, కుడి చెయ్యి రోజంతా ఒంటికి దూరంగా చాపుకుని కూర్చోవాలి. నేను ప్యాడ్‌ని ల్యాప్‌టాప్‌కి ఎడమ పక్కన పెట్టుకుంటాను. ఎడమ చేత్తో అంకెలు, కుడి చేత్తో మౌస్. విడి ప్యాడ్ వల్ల అసలు లాభం ఇదే. జరగడం అంటారా, కింద రబ్బరు షీటు ముక్క వేస్తే కదలదు.

పాతకాపు
అందరూ ఎడమ చేత్తో కొట్టలేరు బాబూ. ఆ అమరిక పుట్టిందే కుడి చేతి కోసం. చూపుడువేలికి 4, మధ్యవేలికి 5, ఉంగరపువేలికి 6, బొటనవేలి కింద వెడల్పాటి 0, చిటికెనవేలికి ప్లస్, ఎంటర్. ఎడమ చెయ్యి పెట్టి చూడండి. బొటనవేలు చుక్క దగ్గర తేలుతుంది, 0 కోసం ఉంగరపువేలిని మడిచి కిందికి లాగాలి. సున్నాలు దండిగా ఉండే లెక్కల్లో ఇది చిన్న ఇబ్బందేం కాదు.

ఎడమప్యాడు
0 ఇబ్బందే, కాదనను. కానీ ఎంటర్ బొటనవేలికి అందుతుంది, చిటికెనవేలి కంటే అది గట్టిది కదా. మొదట్లో కొన్నాళ్లు నత్తనడకే, ఆ తర్వాత చెయ్యే వెతుక్కుంటుంది.

వైరుపక్షం
ఎడమో కుడో మీరూ మీరూ తేల్చుకోండి. దాసుగారూ, బ్లూటూత్ మాత్రం వద్దు. కాసేపు ముట్టుకోకపోతే బ్యాటరీ ఆదా కోసం అది నిద్రపోతుంది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టగానే మొదటి కీ దాన్ని లేపడానికే ఖర్చయిపోవచ్చు. మీరు 145000 కొడతారు, గడిలో 45000 పడుతుంది. మాటలో అక్షరం పోతే ఎర్ర గీత వస్తుంది, చదివితే తెలిసిపోతుంది. అంకె పోతే మిగిలింది కూడా అంకే, చూడ్డానికి ఏ తప్పూ ఉండదు. బిల్లులు చూసి ఎక్కించేవాడి కళ్లు కాగితం మీద ఉంటాయి కాబట్టి అది పట్టుబడేది మొత్తాలు కలవనప్పుడే.

2.4 గిగాహెర్ట్‌జ్ డాంగిల్‌తో, అంటే యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్‌తో వచ్చేవి కొంత నయం. కానీ డాంగిల్‌ని యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పక్క పోర్టులో పెట్టకండి. యూఎస్‌బీ 3.0 నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం విడుదల చేసింది. పొడుగు వైరు తగిలించి డాంగిల్‌ని దూరంగా పెడితే సర్దుకుంటుంది. సరే, ఎలాగూ వైరు తగిలించాక వైర్‌లెస్ ఎందుకో నాకర్థం కాదు.

రెండేపోర్టులు
ఉన్నవి రెండే టైప్-సీ పోర్టులు, ఒకటి ఛార్జింగ్‌కి, ఒకటి మానిటర్‌కి. మాలాంటివాళ్లు హబ్ మోసుకు తిరగాలా? విరామం తర్వాత ముందు బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే చాలు, ప్యాడ్ లేస్తుంది. ఖాళీ గడిలో బ్యాక్‌స్పేస్ వల్ల పోయేదేం లేదు.

వైరుపక్షం
ఎక్సెల్‌లో నిండుగా ఉన్న గడి మీద కర్సర్ ఉండగా బ్యాక్‌స్పేస్ కొడితే అందులోది మొత్తం పోతుందండీ. కాస్త చూసుకుని.

ఫర్మ్‌వేర్‌పిచ్చి
అందరూ వైరు దగ్గరే ఆగిపోయారు. దాసుగారూ, ల్యాప్‌టాప్ వాళ్లు ముందు అడగాల్సింది నమ్‌లాక్ గురించి. ఆ కీ వేసి ఉంటే ప్యాడ్ అంకెలు కొడుతుంది, తీసేస్తే అవే కీలు బాణాల్లా కర్సర్‌ని జరుపుతాయి.

విండోస్‌లో నమ్‌లాక్ తగిలించిన కీబోర్డులన్నిటికీ కలిపి ఒక్కటే. ప్యాడ్ మీద నొక్కితే ల్యాప్‌టాప్‌కీ పడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అక్షరాల మధ్యే నంబర్ ప్యాడ్ ఒకటి దాగి ఉంటుంది. నమ్‌లాక్ పడగానే యు, ఐ, ఓ కీలు 4, 5, 6 అవుతాయి, జె, కె, ఎల్ కీలు 1, 2, 3 అవుతాయి, ఎం 0 అవుతుంది. అంకెలు కొట్టి, పక్క గడిలో పార్టీ పేరు కొట్టబోతే సగం అక్షరాలు, సగం అంకెలు పడతాయి.

దీన్ని తప్పించడానికి తయారీదారులు రెండు ఎత్తులు వేస్తారు. కొన్ని ప్యాడ్‌లు ప్రతి అంకెకీ ముందు నమ్‌లాక్ పంపి, అంకె పంపి, మళ్లీ నమ్‌లాక్ తీసేస్తాయి. పెట్టె మీద నమ్‌లాక్ విడిగా పనిచేస్తుందని రాసి ఉంటే చాలాసార్లు జరిగేది ఇదే. ఒంటరి ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది, కాకపోతే తెర మీద నమ్‌లాక్ సూచిక ఉంటే అది అదేపనిగా మిణుకుమంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌లో పనిచేసేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఆ మూడు సంకేతాలూ అవతలికి వరుస తప్పి చేరితే 8 పడాల్సిన చోట కర్సర్ పై గడిలోకి ఎగిరి కూర్చుంటుంది.

ఇంకొన్ని అసలు నంబర్ ప్యాడ్ సంకేతాలే పంపవు, కీబోర్డు పై వరుస అంకెల సంకేతాలు పంపేస్తాయి. అప్పుడు నమ్‌లాక్‌తో పనే లేదు. అంకెలు మాత్రమే కొట్టేవాళ్లకి హాయి. కానీ ఆల్ట్ పట్టుకుని 0176 కొట్టి డిగ్రీ గుర్తు తెచ్చుకునేవాళ్లకి అది పనిచెయ్యదు, దానికి అసలు ప్యాడ్ సంకేతాలే కావాలి.

00 కీకి మురిసిపోకండి. యూఎస్‌బీ ప్రమాణంలో 00కీ 000కీ సొంత సంకేతాలు ఉన్నమాట నిజమే, వాటిని వాడేవి అరుదు. మామూలుగా 0ని వెంటవెంటనే రెండుసార్లు పంపుతారు, అంతే. పైగా 00కి చోటు కోసం వెడల్పాటి 0ని రెండు ముక్కలు చేస్తారు. పాతకాపుగారు చెప్పిన బొటనవేలు ఆ రెండింటి మధ్య గీత మీద పడుతుంది.

త్రీడీబొమ్మలు
పై వరుస సంకేతాలు పంపే ప్యాడ్ త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో కొంప ముంచుతుంది. ప్యాడ్ 1 అంటే ముందు వైపు, 3 కుడి వైపు, 7 పైనుంచి, 0 కెమెరా. అదే పై వరుస 1, 2, 3 అయితే ఎడిట్ మోడ్‌లో బిందువులు, అంచులు, ముఖాల ఎంపిక మారిపోతుంది. కొనేముందు ఏది పంపుతుందో ఎవరూ చెప్పరు. నోట్‌ప్యాడ్ తెరిచి, నమ్‌లాక్ తీసేసి 8 కొట్టండి. 8 పడితే మీ చేతిలో ఉన్నది ఫర్మ్‌వేర్‌గారు చెప్పిన ఆ రెండు రకాల్లో ఏదో ఒకటి.

వింటూచదువు
నమ్‌లాక్ ఎప్పుడూ వేసే ఉంటుంది కదా అని మాట్లాడుతున్నారంతా. నేను తెర చూడను, తెర మీది రాత చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చదివితే వింటాను. మాకు నమ్‌లాక్ తీసేసి ఉన్నప్పుడే ప్యాడ్‌కి ప్రాణం. 7, 8, 9 ముందు వరుస, ఇప్పటి వరుస, తర్వాతి వరుస చదివిస్తాయి. 4, 5, 6 అలాగే మాటలకి, 1, 2, 3 అక్షరాలకి. 0 ఇన్సర్ట్ అవుతుంది, అది పట్టుకునే మిగతా ఆజ్ఞలన్నీ. నమ్‌లాక్ కీ లేకుండా అందంగా చేసిన ప్యాడ్‌లు మాకు దండగ. 5 మీద చిన్న బుడిపె ఉందో లేదో కూడా చూడండి. ఫోటోలో కనబడదు, వేలికి తెలుస్తుంది. దాసుగారిలా కాగితం మీదే కళ్లు పెట్టి కొట్టేవాళ్లకీ అదే దిక్కు.

మాక్‌మనిషి
మాక్‌లో నమ్‌లాక్ అనేదే లేదు. ఆపిల్ కీబోర్డులో ఆ చోట ఉండేది క్లియర్ కీ. ప్యాడ్ ఎప్పుడూ అంకెలే. ప్యాడ్ తనలో తాను నమ్‌లాక్ గుర్తుపెట్టుకునే రకమైతే మాత్రం ఇక్కడా బాణాలు పడతాయి.

కీచుకీచు
కీల కింద ఉండే స్విచ్‌ల గురించి ఎవరూ మాట్లాడరేం? చెర్రీ కంపెనీ రెడ్ స్విచ్‌కి 45 సెంటీన్యూటన్ల బలం చాలు, బ్లాక్‌కి 60 కావాలి. అంకెల పనికి నా ఓటు బ్లాక్‌కే, తేలిక స్విచ్‌ల మీద ఆనించిన వేళ్లే అంకెలు కొట్టేస్తాయి.

పాతకాపు
60 పెట్టి రోజంతా చిటికెనవేలితో ఎంటర్ కొట్టి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఎక్సెల్‌దాసు
అందరికీ థ్యాంక్సండీ. వైరుది, 17 కీలది, 0 వెడల్పుగా ఉన్నది తీసుకుంటాను. ఒక్కటే బాధ, ట్యాబ్ పోయింది. నా షీట్‌లో వరుస వెంట నాలుగు గడులు నింపి కింది వరుసకి వెళ్లాలి.

వైరుపక్షం
ట్యాబ్ కోసం ప్యాడ్ మార్చక్కర్లేదు. ఎక్సెల్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఎంటర్ నొక్కాక కర్సర్ కిందికి కాకుండా కుడికి జరిగేలా పెట్టుకోండి. తర్వాత నింపాల్సిన నాలుగు నిలువు వరసల గడులనూ మౌస్‌తో ఎంపిక చేసి కొట్టడం మొదలుపెట్టండి. నాలుగో గడి దాటగానే ఎంటర్ దానంతటదే కింది వరుస మొదటికి తీసుకెళ్తుంది. మధ్యలో బాణం కీ గానీ మౌస్ గానీ ముట్టుకుంటే ఎంపిక చెదురుతుంది, అంతే.

పాతకాపు
ఇన్ని పరీక్షలు, ఇన్ని సెట్టింగులు. ఫుల్ కీబోర్డయితే తగిలించి కొట్టుకోవడమే కదా.

ఫర్మ్‌వేర్‌పిచ్చి
ఫుల్ కీబోర్డు కూడా అదే నమ్‌లాక్ వాడుతుంది పాతకాపుగారూ. దాగున్న ప్యాడ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించి నమ్‌లాక్ వేశాక, ల్యాప్‌టాప్ సొంత కీల మీద యు కొట్టి చూడండి.

పాతకాపు
ఫుల్ కీబోర్డు తగిలించాక ల్యాప్‌టాప్ కీలు ముట్టుకునేదెవరు?

ఫర్మ్‌వేర్‌పిచ్చి
లాగిన్ తెర దగ్గర చాలామంది ముట్టుకుంటారు. పాస్‌వర్డ్‌లో యు, ఎం ఉన్నాయంటే తప్పు పాస్‌వర్డ్ అంటుంది, చుక్కలే కనబడతాయి కాబట్టి ఎందుకో తెలీదు. దాసుగారూ, కొత్త ప్యాడ్ తగిలించిన రోజే ఇది కూడా ఒకసారి చూసుకోండి.