కోషియెన్ స్టేడియానికి మొదటిసారి వెళ్తున్నాను, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. పోయిన నెలే గుంటూరు నుంచి ఒసాకా వచ్చాను. శనివారం ఆఫీసువాళ్లంతా కోషియెన్‌లో హన్షిన్ టైగర్స్ అనే జట్టు బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు, పైగా శాకాహారిని. అక్కడ తెలియక ఏం పొరపాటు చేస్తానో అని టెన్షన్‌గా ఉంది. వెళ్లినవాళ్లు కాస్త చెప్తారా?

జవాబు 1

తప్పకుండా వెళ్లండి. ఆట అర్థం కాకపోయినా ఫర్వాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు లేస్తే లేవండి, చప్పట్లు కొడితే కొట్టండి. ఒక్కో బ్యాటర్‌కీ ఒక్కో పాట ఉంటుంది, కాసేపటికి అవే నోటికి వచ్చేస్తాయి.

నేను ఈ స్టేడియం ఉన్న నిషినోమియా ఊళ్లోనే ఉంటాను కాబట్టి ఈ స్టేడియం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తోంది. అందరూ దీన్ని టైగర్స్ ఇల్లు అంటారు. నిజానికి దీన్ని కట్టింది బడిపిల్లల కోసం. దేశవ్యాప్త పాఠశాలల టోర్నమెంట్ 1915లో తొయొనాకాలో మొదలై, తర్వాత నరువొకి మారింది. 1923లో అక్కడ జనం పట్టక మైదానంలోకే వచ్చేశారు, ఆట ఆపాల్సి వచ్చింది. దాంతో హన్షిన్ రైల్వే కంపెనీ, పూడ్చేసిన పాత నదిపాయ నేల మీద, కొన్ని నెలల్లోనే ఇంత పెద్ద స్టేడియం కట్టేసింది. 1924 ఆగస్టు 1న తెరిచారు. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్నట్టే జపాన్‌వాళ్లకూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో మొదటి ఏడు ఆ సంవత్సరమే వచ్చింది, ఆ ఏటి పేరే స్టేడియానికీ పెట్టారు. టైగర్స్ జట్టు పుట్టింది 1935లో, అంటే పదకొండేళ్ల తర్వాత.

ఇప్పటికీ ఆగస్టులో పిల్లలదే పైచేయి. వేసవి టోర్నమెంట్ జరుగుతున్నన్ని రోజులూ టైగర్స్ బయటి ఊళ్లకు వెళ్లిపోతారు, లేదా ఒసాకా డోమ్‌లో ఆడుకుంటారు. కోట్లు సంపాదించే ఆటగాళ్లు పదిహేడేళ్ల పిల్లలకు సొంత మైదానం వదిలిపెట్టే ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం.

వేసవిలో 49 జట్లు వస్తాయి. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఓడిన పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ఇక్కడి నల్లమట్టిని సంచుల్లోకి ఎత్తుకుంటారు. ఇన్‌ఫీల్డ్, అంటే బ్యాటర్‌కి దగ్గరి లోపలి భాగమంతా గడ్డి లేని మట్టే, దాని అవతలి అవుట్‌ఫీల్డ్ అసలు సిసలు పచ్చిక. 1958లో దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల నుంచి షురి హైస్కూల్ వచ్చింది. అప్పుడు ఒకినావా అమెరికా పాలనలో ఉంది. పిల్లలు ఆశగా తీసుకెళ్లిన మట్టిని, మొక్కల తెగుళ్ల నిబంధనల పేరుతో ఒకినావాలోని నాహా రేవులో పారబోయించారు. ఈ సంగతి తెలిసి విమాన సిబ్బందిలో కొందరు కోషియెన్ నుంచి చిన్న రాళ్లు పోగుచేసి ఆ బడికి పంపారు. రాళ్లకు ఆ నిబంధన వర్తించదు మరి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్టాండ్ల మీది ఇనుప కప్పును లోహం కోసం విప్పి తీసుకుపోయారు. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం స్టేడియాన్ని స్వాధీనం చేసుకోవడంతో 1946 టోర్నమెంట్ వేరేచోట జరిగింది. ఆ కష్టమంతా దాటి వచ్చిన చోటు ఇది. అందుకే టైగర్స్ మ్యాచ్‌తో ఆగిపోకండి, ఆగస్టులో ఒక్కరోజైనా పిల్లల ఆట చూడండి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి.

ఇక శనివారం సంగతి. ఒసాకా ఉమెదా నుంచి హన్షిన్ లైన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పావుగంటలో కోషియెన్ స్టేషన్, దిగితే ఎదురుగానే స్టేడియం. కుడివైపు అవుట్‌ఫీల్డ్ స్టాండ్ టైగర్స్ వీరాభిమానులది. టికెట్ అక్కడిదైతే ఎదుటి జట్టు టోపీలు, చొక్కాలు వద్దు, ముఖ్యంగా టైగర్స్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన టోక్యో జట్టు జెయింట్స్‌వి. డ్రింకుల క్యాన్లు, గాజు సీసాలు లోపలికి రానివ్వరు. వానొస్తే గొడుగు విప్పకూడదు, వెనకవాళ్లకు అడ్డం. రెయిన్‌కోటు తీసుకెళ్లండి. వాన కాసేపే అయితే నిరాశపడకండి, ఇక్కడి గ్రౌండ్ సిబ్బంది బురదను మళ్లీ ఆడే మైదానంగా మార్చే పని చూడ్డానికే ఒక టికెట్ కొనొచ్చు.

జవాబు 2

పైన అన్నయ్యగారు తిండి సంగతి మర్చిపోయినట్టున్నారు, అది నేను చెప్తాను తమ్ముడూ. కోషియెన్ కర్రీ అని చాలా పేరున్న కూర ఉంది, మీవాళ్లు తినమని బలవంతపెడతారు. అది మాంసం కూర. బంగాళదుంప వేపుళ్లు, ఉడికించిన ఎదమామె (పచ్చి సోయా) గింజలు దొరుకుతాయి గానీ వాటితో కడుపు నిండదు. పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్లు, నేను అలాగే చేస్తాను. ఎక్కువ చేసి పక్కవాళ్లకూ పెట్టు, ఆఫీసులో చనువు పెరుగుతుంది.

పిల్లలతో ఆగస్టులో వెళ్లేవాళ్లకు ఒక మాట. ఎండ మన విజయవాడకు ఏమాత్రం తీసిపోదు, ఉక్క ఇంకా ఎక్కువ. 2024 నుంచి కొన్ని రోజులు మ్యాచ్‌లను ఉదయం, సాయంత్రం అని విడగొట్టారు, వీలైతే ఆ రోజులే చూసుకోండి. ఆగస్టు 15న వెళ్తే మధ్యాహ్నం పన్నెండుకు సైరన్ మోగుతుంది. యుద్ధంలో పోయినవాళ్ల కోసం ఆట ఆపి అందరూ లేచి నిలబడతారు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

మ్యాచ్ అయ్యాక స్టేషన్ దగ్గర విపరీతమైన రద్దీ. రైలు కార్డులో డబ్బులు వెళ్లేటప్పుడే వేయించుకో, తిరిగొచ్చేటప్పుడు మెషీన్ దగ్గర క్యూలో నిలబడక్కర్లేదు.