ఢిల్లీకి బలమా, రాష్ట్రాలకు బలమా: సీమకు ఏది మేలు?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
నిన్న పొద్దున బురుజు పక్క టీకొట్టు దగ్గర కొట్టుకునేంత పని అయింది. ఒకాయన లోక్‌సభ సీట్ల పునర్విభజన సంగతి ఎత్తినాడు. 1971 జనాభా లెక్కల మీద కట్టేసిన సీట్లు 2026 తర్వాత వచ్చే లెక్కలతో మళ్లీ పంచితే దక్షిణాది గొంతు సన్నబడుతుంది, రాష్ట్రాలకు అధికారాలు పెంచుకోకుంటే అయిపోయినట్టే అని. పక్కాయన లేచి "రాష్ట్రమంటే ఎవరు సామీ? మనకు ఢిల్లీ దూరమే, విజయవాడా దూరమే" అన్నాడు. ఆ ఊపులో గ్లాసు పగిలింది, దాని డబ్బులు నేనిచ్చినా. అందుకే ఈడ అడుగుతాండా. అధికారం ఢిల్లీలో ఉంటే మన సీమకు మేలా, రాష్ట్రాల చేతికొస్తే మేలా? తిట్టుకోకుండా చెప్పండి.

మునకపల్లె (కర్నూలు)
ఢిల్లీలోనే ఉండాల. ఇది ఏ పార్టీ మీద భక్తీ కాదు, ముందే చెప్తాండా.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, శ్రీబాగ్‌లో, కోస్తా పెద్దలూ మన పెద్దలూ కూర్చొని ఒప్పందం రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు ఈ రెండింట్లో ఏది కావాలో సీమ కోరుకోవచ్చు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్ల పాటు సీమ అవసరాలే ముందు. రాసింది తెలుగోళ్లు, తప్పింది తెలుగోళ్లు. 1953లో రాజధాని గుడారాలు వేసుకొని కర్నూలుకొచ్చింది, 1956లో గుడారాలు పీక్కొని హైదరాబాదు పోయింది. హైకోర్టు గుంటూరులో పెట్టినారు. ఆ నీళ్ల మాట ఇప్పుడెవరికీ గుర్తు లేదు.

మనకు గట్టిగా మిగిలిందల్లా ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు వాటా ఇచ్చే 371డి. 1973లో దాన్ని రాజ్యాంగంలో చేర్చింది ఢిల్లీ. నాలుగో జోను అని మన నాలుగు జిల్లాలకు గీత గీసిన రాష్ట్రపతి ఉత్తర్వూ ఢిల్లీదే. ఆ గీత లేకుంటే మన పిల్లోళ్ల ఉద్యోగాలు యాడికి పోయేటివో మీకు తెలుసు.

ఇంక కృష్ణ నీళ్ల పంపకం చూసే కృష్ణా బోర్డు. 2014 విభజన చట్టం బోర్డు ఆఫీసు ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని చెప్పింది. ఊరేదో తేల్చే పని మన రాష్ట్రానికొచ్చేసరికి ఏ పేరు పెట్టినారు? విశాఖపట్నం! కృష్ణ చుక్క పారని ఊళ్లో కృష్ణా బోర్డు. శ్రీశైలం డ్యాము ఈడ, దాన్నుంచి సీమకు నీళ్లు తీసే పోతిరెడ్డిపాడు తూము ఈడ, మునిగిన ఊళ్లు ఈడ, ఆఫీసేమో సముద్రం ఒడ్డున పెడదామన్నారు. రాష్ట్రాలకు అధికారం ఇస్తే జరిగేది ఇదే.

దేవుని_కడప (కడప)
ఆఫీసన్నా ఏదో ఒక ఊళ్లో పెడతామన్నారు. మా ఉక్కు ఫ్యాక్టరీకి ఊరుంది, రాళ్లున్నాయి, ఫ్యాక్టరీ లేదు. 2018లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన, 2019లో ఇంకొక ముఖ్యమంత్రి శంకుస్థాపన, 2023లో ఆయనే మళ్లా. కొబ్బరికాయలు కొట్టిన చోట ఇప్పటికి తోపు లేచేది.

ఆదోని_పత్తి (ఆదోని)
మునకపల్లె అన్నా, మీరు చెప్పినవన్నీ నిజాలే. వాటి నుంచి మీరు తేల్చిందే తప్పు.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతే చూడండి. ఆరు నెలల్లో పరిశీలించి చెప్పాలని 2014 చట్టంలోనే రాసుంది. రాసింది పార్లమెంటు, పరిశీలించాల్సింది కేంద్ర సంస్థ. ఏమైంది? వెనకబడిన ఏడు జిల్లాలకు ఏడాదికి జిల్లాకు 50 కోట్లు అన్నారు. 2018లో ఆ 350 కోట్లు రాష్ట్రం ఖాతాలో వేసి మళ్లా వెనక్కి లాక్కున్నారు. అప్పుడు మీ ఢిల్లీని అడిగినోడు ఉన్నాడా?

2023 బడ్జెట్‌లో కర్ణాటక ఎగువ భద్ర ప్రాజెక్టుకు కేంద్రం 5,300 కోట్లు రాసింది. భద్ర నీళ్లు తుంగలో కలిస్తేనే తుంగభద్ర. పైన ఆపితే ఎండేది ఎవరి కాలువ? కేసీ (కర్నూలు-కడప) కెనాలు, ఎల్లెల్సీ (దిగువ కాలువ), అనంతపురం హెచ్చెల్సీ (ఎగువ కాలువ). మూడూ సీమవే. ఆ ఏడు కర్ణాటకలో ఎన్నికలు. ఢిల్లీకి మనం 52 అసెంబ్లీ సీట్లం, వాళ్లు 224. బలమైన కేంద్రం అంటే ఎక్కువ సీట్లున్న వైపు మొగ్గే కేంద్రం. అంతకన్నా అందులో మర్మం లేదు.

1984 ఆగస్టులో గవర్నరు ఒక్క కాగితంతో ఎన్టీఆర్‌ను దించేసినాడు. జనం రోడ్లెక్కితే నెలకు మళ్లా కూర్చోబెట్టినారు. అట్లాంటి ఢిల్లీ చేతిలో పగ్గాలు పెడదామంటారా?

మునకపల్లె
బోర్డు ఆఫీసు సంగతి చెప్పలే.

ఆదోని_పత్తి
రాష్ట్రం విశాఖ అంటే కేంద్రం "కాదు, కర్నూలు" అనొచ్చు కదా. అనిందా?

మునకపల్లె
పేరు పెట్టింది ఎవరు? రాష్ట్రం. నేను అడిగింది అదే.

సద్దరొట్టె (అనంతపురం)
ఇద్దరూ ఆఫీసు గేటు పట్టుకొని వేలాడతాండారు. లోపల నీళ్లున్నాయా లేదా అని చూసేటోడు లేడు.

చరిత్ర_మాస్టారు (అనంతపురం)
కొంచెం పెద్దదే రాస్తున్నా, ఓపిక పట్టండి.

శ్రీలంకలో 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. తమిళులు అడిగింది వేరే దేశం కాదు, సమాఖ్య. మరుసటి ఏడాది ప్రధాని బండారనాయకే, తమిళ నాయకుడు చెల్వనాయకం కూర్చొని ఒప్పందం రాసుకున్నారు. ప్రాంతీయ మండళ్లు, తమిళానికి చోటు, భూముల మీద కొంత హక్కు. భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు, 1958లో ఆయన ఒప్పందాన్ని రద్దు చేశాడు. అది వాళ్ల శ్రీబాగ్ అనుకోండి. ఆ తర్వాత 1983 జులై ఊచకోతలు, యుద్ధం. 1987లో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందంతో 13వ సవరణ, ప్రాంతీయ మండళ్లు వచ్చాయి. పోలీసు, భూమి అధికారాలు మాత్రం ఈ రోజుకీ చేతికి రాలేదు. 2009 మేలో యుద్ధం ముగిసింది.

కొలంబో గట్టిగా పట్టుకున్న కొద్దీ దేశం గట్టిపడలేదు. అలాగని సమాఖ్య అన్న పేరుంటే చాలదు. యుగోస్లావియా పేరుకు సమాఖ్యే, 1991లో ముక్కలు కావడం మొదలైంది. రాసుకున్న కాగితాన్ని రేపు బలం ఉన్నవాడు చించలేకుండా కాపాడేది ఎవరన్నదే అసలు ప్రశ్న. శ్రీబాగ్‌కు ఆ కాపలాదారు లేడు.

మునకపల్లె
మాస్టారూ, బాగా చెప్పినారు గానీ ఆడ రెండు జాతులు, రెండు భాషలు, రెండు మతాలు. ఈడ అందరం తెలుగోళ్లమే. జాతి గొడవ యాడుంది?

మడకశిర_మల్లిగె (మడకశిర)
అందరం అంటే ఎవరన్నా? మా ఇంట్లో కన్నడ, బజార్లో తెలుగు. ఆదోనిలో సగం బజారు ఉర్దూ. 1953లో బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వేశారు, మిగతాది మైసూరుకు పోయింది, హోస్పేట డ్యాముతో సహా. గీత అటు పడితే నేను "తెలుగు తల్లి" ప్రార్థన చేసేదాన్నే కాదు. మీ శ్రీబాగ్‌లో మా మాట ఒక్క వాక్యమైనా ఉందా?

ఆదోని_పత్తి
అదే నేను చెప్పేది. డ్యాము వాళ్లకు, కాలువ మనకు. ఆ గీత గీసింది ఢిల్లీ. నీళ్లు పంచను పెట్టిన తుంగభద్ర బోర్డుకు చైర్మన్‌ను వేసేదీ కేంద్రమే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పూడికతో 133 టీఎంసీల డ్యాము 105 దగ్గరికి దిగిందని ఎన్నాళ్లుగానో చెప్తున్నారు. కేంద్రం బోర్డు, కేంద్రం చైర్మను. పూడిక తీసేదీ లేదు, గొలుసు చూసేదీ లేదు.

మునకపల్లె
తుంగభద్ర బోర్డు కాదప్పా, కృష్ణా బోర్డు.

దేవుని_కడప
ఓరి నాయనో.

బస్టాండు_కబుర్లు (నంద్యాల)
ముఖ్యమంత్రులను లెక్క పెట్టండి ముందు. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, వైఎస్సార్, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్. అందరూ సీమోళ్లే. శ్రీశైలంలో నీళ్లు ఎందాక తోడొచ్చో చెప్పే కనీస మట్టాన్ని 834 అడుగులకు దించిన జీవో 69 (1996) సీమ ముఖ్యమంత్రి కాలానిదే, దాన్ని మళ్లా 854కు ఎత్తిన జీవో 107 (2004) కూడా సీమ ముఖ్యమంత్రి కాలానిదే. కోస్తాను తిడితే పొద్దుపోతుంది గానీ పోతిరెడ్డిపాడులో నీళ్లు పోవు.

మునకపల్లె
కుర్చీలో ఎవరు కూర్చున్నా కుర్చీ ఉన్న ఊరి మాటే నెగ్గుతుంది.

మా ఊరు శ్రీశైలం నీళ్లలో మునిగింది. నేను బడికి పోయే వయసు. పోలీసులొచ్చి ఇంటి దూలాలు పీకించినారు. మా అవ్వ రోలు ఎత్తను రాలేదు, అట్లే ఉండిపోయింది. ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది చూడండి, ఆ పక్కనే మా ఊరి గోడల అడుగులు తేలతాయి. ఐదేళ్ల కింద పోయి చూసినా. రోలు ఉంది. గుంతలో గవ్వలు, బురద. దాని మీంచి పోయిన నీళ్లు సాగర్‌కు పోయినాయి, డెల్టాలో మూడు కార్ల పంటలు పండించినాయి. మాకు వచ్చిన పరిహారంతో మా నాయన కర్నూల్లో ఒక గేదెను కొన్నాడు. దీన్ని రాష్ట్రం చేసిందా, ఢిల్లీ చేసిందా?

ఆదోని_పత్తి
బాధ అర్థమవుతుంది అన్నా. కానీ మూడు కార్లు ఎక్కడా పండవు. రెండు. మూడోది అపరాలు.

మునకపల్లె
రోలు సంగతి చెప్తే కార్ల లెక్క తీస్తివి. నువ్వు యాడోడివి? ఆదోని అని పెట్టుకున్నావు గానీ ఆ రాత ఆదోని రాత కాదు. "అర్థమవుతుంది" అంట. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద దిగిన క్యాంపోడివి కదా? చెప్పు.

ఆదోని_పత్తి
అవును. క్యాంపే. అయితే?

మునకపల్లె
అయితే ఏముంది. రాష్ట్రానికి అధికారం కావాలని ఎందుకు గొంతు చించుకుంటున్నావో ఇప్పుడు తెలిసింది. మీవాళ్లదే కదా రాష్ట్రం.

ఆదోని_పత్తి
మాటలు జాగ్రత్త. మా తాత డెల్టా నుంచి వచ్చి తుమ్మచెట్లు కొట్టి, రాళ్లేరి నేల చదును చేశాడు. అప్పుడు ఎకరం ధర ఎంతో మీ పెద్దలను అడగండి, అమ్మింది వాళ్లే. మా నాన్న ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పోయాడు. నేను ఆదోని బడిలోనే చదివాను. గుంటూరులో మా చుట్టాలు నన్ను "సీమోడు" అంటారు. ఇక్కడ మీరు "క్యాంపోడు" అంటారు. రేపు కర్నూలుకు అధికారాలన్నీ వచ్చి మీ చేతిలో పడితే మొదట నన్నే కదా తరిమేది? ఇప్పుడు చెప్పండి, జాతి గొడవ యాడుంది అని అడిగారు కదా మాస్టారిని.

మోడరేటర్
ఇద్దరూ ఆగండి. పుట్టుకలు, క్యాంపులు తవ్వితే చర్చ మూసేస్తా.

బస్టాండు_కబుర్లు
మూయొద్దు సార్, ఇప్పుడే అసలు మాటలోకొచ్చినారు.

సర్పంచమ్మ (కోడుమూరు వైపు)
మీ ఢిల్లీ, మీ విజయవాడ సరే. పంచాయతీలకు అధికారాలని 73వ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మా పంచాయతీ ఖాతాలో ఆర్థిక సంఘం డబ్బులు పడినట్టు ఫోనుకు మెసేజి వచ్చింది. బోరు మోటారు కాలిపోయి పదకొండు రోజులు, రిపేరు చేయిద్దామని బ్యాంకుకు పోతే ఖాతాలో సున్న. కరెంటు బకాయిల కింద పైనోళ్లు లాగేసుకున్నారంట. చెక్కు మీద సంతకం నాది, లాగేటప్పుడు నా వేలిముద్ర కూడా అడగలేదు. ఢిల్లీ ఇచ్చింది, రాష్ట్రం తీసుకునింది, నేను బిందెలతో నిలబడిన ఆడోళ్ల ముందు తల దించుకున్నా. దీన్ని ఏ వైపు లెక్కలో వేస్తారో వేసుకోండి. ఇంకోటి, కర్నూలుకు అధికారం వచ్చినా మా ఊరికి వస్తుందని నాకు నమ్మకం లేదు. దారిలో ఉన్న పెద్ద ఇళ్లు దాటి రావాల గదా.

మునకపల్లె (మరుసటి రోజు)
రాత్రి నిద్ర పట్టలే.

క్యాంపోడు అన్న మాట తప్పు. ఒప్పుకుంటాండా. ఎందుకు వచ్చిందో కూడా చెప్తా. ఇంటర్ చదవను కోస్తాలో ఒక కాలేజీ హాస్టల్లో చేరినా. మొదటి రోజు "యాడికి పోతాండావు" అన్నా. గదిలో ఎనిమిది మంది. రెండేళ్లూ నా పేరు "యాడికి". బాంబు ఎట్ల చుడతారురా అని ఒక లెక్చరరు క్లాసులో అడిగినాడు, అందరూ నవ్వినారు. మా ఇంట్లో వేటకొడవలి కూడా లేదు, గేదె ఒకటుండె. అప్పటి నుంచి వాళ్ల చేతికి ఏ పగ్గమూ పోకూడదని నాకు. ఢిల్లీ అంటే ప్రేమ కాదు. ఢిల్లీవోడికి నా యాస తెలీదు, అంతే.

మడకశిర_మల్లిగె
మా అమ్మ మాట్లాడితే అనంతపురం ఆఫీసులో నవ్వుతారన్నా. సీమోళ్లే.

చరిత్ర_మాస్టారు
1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు పెట్టేదాకా మనకు "రాయలసీమ" అన్న పేరే లేదు. 1800లో నిజాం ఇంగ్లీషోళ్లకు ఇచ్చేసిన దత్తమండలాలం. ఇచ్చినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఆ పేరు వద్దని ఈ పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టిన నారాయణరావు ఈ జిల్లాలో పుట్టినవారు కాదు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. ఈ ముక్క చేర్చాలనిపించింది.

ఆదోని_పత్తి
మునకపల్లె అన్నా, కార్ల లెక్క తీసింది నా తప్పే. రోలు గురించి చదివాక ఇంకేం రాయాలో తెలియక రాశాను.

కానీ మాట మార్చను. కేంద్రం చేతిలో పగ్గాలు పెట్టడం నాకు ఇష్టం లేదు. అమరావతి చేతిలోనూ పూర్తిగా వద్దు, మాస్టారు అన్నట్టు ఎవడూ చించలేని కాగితం ఒకటి కావాలి. అందులో నా క్యాంపు కూడా ఉండాలి.

మునకపల్లె
ఉండాల్నో లేదో తర్వాత చూద్దాం. మీ క్యాంపు ఏ కాలువ కింద?

ఆదోని_పత్తి
ఎల్లెల్సీ. చివరి తూము.

మునకపల్లె
చివరి తూముకు నీళ్లొచ్చేది నేనెప్పుడూ చూడలే.

ఆదోని_పత్తి
మేమూ చూసి చాన్నాళ్లయింది.

కొండారెడ్డి_బురుజు
ఇద్దరూ ఆదివారం బురుజు దగ్గరికి రాండి. గ్లాసులు కొత్తవి తెచ్చినాడు.

మునకపల్లె
వస్తా. బోర్డు ఆఫీసు సంగతి మాత్రం ఆడ తేలాల.