ఆడవాళ్లకు వెల్డింగ్, వైరింగ్ శిక్షణ: స్పాన్సర్ డబ్బు దేని మీద పెడితే పనిలో నిలబడతారు?

శిక్షణ నిర్వాహకురాలు:

అందరికీ నమస్కారం. 12 మంది మహిళలకు పని నేర్పించడానికి ఒక స్పాన్సర్ ముందుకొచ్చారు. 8 మందికి వెల్డింగ్, నలుగురికి ఎలక్ట్రికల్ వైరింగ్. మూడు నెలల కోర్సు, ఆ తర్వాత సైట్‌లోనో వర్క్‌షాపులోనో అప్రెంటిస్‌గా చేర్చాలని ఆలోచన. స్పాన్సర్ పంపిన బడ్జెట్‌లో ఫీజులు, యూనిఫాం, టూల్ కిట్, సర్టిఫికెట్లిచ్చే సభ ఉన్నాయి. ఇలాంటి కోర్సు పూర్తిచేసిన ఆడవాళ్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి ఆ పనిలో కనిపించరు. ఎక్కడ జారిపోతున్నారు? ఈ బడ్జెట్‌లో ఏం తీసేయాలి, ఏం చేర్చాలి? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

వెల్డింగ్ శిక్షకుడు:

రాడ్లు, ప్లేట్లు ఆ బడ్జెట్‌లో లేవు. మొదటి లోపం అదేనండీ. వెల్డింగ్ అనేది రాడ్లు కాలిస్తేనే చేతికొస్తుంది.

లెక్క చూడండి. 3.15 మి.మీ. లావున్న 6013 రకం రాడ్డు ఒకటి కాలడానికి నిమిషం, నిమిషంపావు పడుతుంది. రోజుకు 40 రాడ్లు కాల్చినా చేతిలో ఆర్క్ (రాడ్డు కొనకూ ప్లేటుకూ మధ్య మండే మెరుపు) వెలిగేది ముప్పావుగంటే. మిగతా సమయం ప్లేటు కోయడానికి, గ్రైండింగుకు, స్లాగ్ (వెల్డ్ మీద కట్టే పెంకు) కొట్టి బీడ్ (వెల్డ్ గీత) చూసుకోవడానికి పోతుంది. రాడ్డు బరువు దాదాపు 30 గ్రాములు. 8 మంది, 60 రోజులు, రోజుకు 40 చొప్పున 19,200 రాడ్లు, అంటే 570 కిలోల పైమాట. ఇంత సరుకు లేకుండా ప్రాక్టికల్ అంటే, ఒకరు కాలుస్తుంటే ఏడుగురు చుట్టూ నిలబడి చూడటమే. ఇద్దరికి ఒక మెషిన్ తప్పనిసరి. ఒకరు ఆర్క్ మీద ఉంటే రెండోవాళ్లు తమ ప్లేటు సిద్ధం చేసుకుంటారు.

మొదటి రెండు వారాలు బల్ల మీద పరిచిన ప్లేటుపై తిన్నగా బీడ్ వేయించండి, 100 నుంచి 120 ఆంపియర్ల మధ్య. ఆర్క్ పొడవు రాడ్డు లావుకు మించకూడదు. మించితే నిప్పురవ్వలు చిమ్ముతాయి, బీడ్ వెడల్పై చప్పగా పడుతుంది. ఆంపియర్లు తక్కువైతే రాడ్డు అతుక్కుంటుంది. అతుక్కుందని భయపడి దూరం లాగుతారు, ఆర్క్ ఆరిపోతుంది. "నా చెయ్యి వణుకుతోంది, నాకీ పని రాదు" అనే మాట సరిగ్గా ఈ దశలో వస్తుంది. చాలాసార్లు ఆ వణుకు ధైర్యం లేక కాదు, బల్ల ఎత్తుకు పుట్టిందే. పొడుగు మనిషి కోసం కట్టిన బల్ల దగ్గర పొట్టి మనిషి మోచేతులు గాల్లోకి లేస్తాయి, ఆసరా ఉండదు. కాళ్ల కింద కదలని పీట వేసి మోచేయి బల్లకు ఆనించమనండి, కేబుల్ బరువు మణికట్టు మీద పడకుండా భుజం మీదుగా వేయించండి (ఒంటికి మాత్రం చుట్టుకోనివ్వొద్దు). వణుకు సగం అక్కడికక్కడే తగ్గుతుంది. ఆకురాయి పట్టేటప్పుడు ఇనుప ముక్కను బిగించే వైస్‌కూ ఇదే సంగతి. వైస్ దవడ మీద మోచేయి ఆనిస్తే పిడికిలి గడ్డానికి తగలాలి, అది సరైన ఎత్తు.

మూడో వారం నుంచి ఫిల్లెట్ (రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే వెల్డ్), మూడో నెలలో నిలువు వెల్డింగ్. నిలువు రాకుండా సైట్‌కు పంపితే అక్కడ గ్రైండర్ చేతికిచ్చి కూర్చోబెడతారు.

ఇంకొకటి. చేర్చుకునే ముందు రెండు రోజులు ఊరికే చేసి చూడనివ్వండి. హెల్మెట్ లోపలి చీకటి, గ్రైండర్ రవ్వలు, చొక్కా మీద పడే వేడి చుక్క, అన్నీ తెలిశాక "సరే" అన్నవాళ్లు నిలబడతారు. మానేసేవాళ్లు ఎక్కువగా అవేమీ తెలియకుండా పేరిచ్చినవాళ్లే.

సైట్ సేఫ్టీ:

యూనిఫాం అని ఒక్క పద్దు రాసి వదిలేయకండి. కొలతలు తీసుకుని కొనాలి. అందరికీ ఒకే సైజు సరుకు తెస్తే అది మగవాళ్ల కొలతకు కుట్టిందే అయివుంటుంది.

గ్లౌజులకు తేలిక లెక్కుంది. బొటనవేలు వదిలేసి అరచేయి చుట్టూ టేపు పెడితే ఎన్ని అంగుళాలు వస్తే దాదాపుగా అదే సైజు నంబరు. 7 సైజు చేయి పొడవు, మణికట్టు నుంచి నడివేలి కొనదాకా, 171 మి.మీ., 10 సైజుది 204. అంటే 7 చేతికి 10 తొడిగితే 3 సెంటీమీటర్ల పైచిలుకు వదులు. వేళ్ల కొనల్లో ఖాళీ మిగిలి స్క్రూ పట్టు దొరకదు, విసుగొచ్చి గ్లౌజు తీసేసి పనిచేస్తారు, చెయ్యి కోసుకుంటారు. తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు. (డ్రిల్లింగ్ మెషిన్ లాంటి తిరిగే యంత్రాల దగ్గర ఏ సైజు గ్లౌజైనా వేసుకోకూడదు.)

బూట్లు పెద్దవైతే రెండు జతల సాక్సులు వేసుకోమంటారు. అది పరిష్కారం కాదు. పాదం వంగే చోట బూటు వంగదు, బూటు ముందుభాగంలోని ఉక్కు తొడుగు అంచు వేళ్ల మీద నొక్కుతుంది. ఎత్తులో పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీల హార్నెస్ విషయంలో ఇంకా ప్రమాదం. వెనక తాడు తగిలించే డీ-రింగ్ రెండు భుజపు ఎముకల మధ్య ఉండాలి, తొడపట్టీ కింద చాపిన అరచెయ్యి దూరాలి కానీ పిడికిలి దూరకూడదు. పట్టీలు చివరిదాకా బిగించినా వదులుగా ఉందంటే ఆ హార్నెస్ ఆమెకు పనికిరాదు. పడినప్పుడు పట్టీలు పైకి జారి ఛాతీ పట్టీ మెడ దగ్గరికొస్తుంది. అమెరికాలో నిర్మాణ సైట్లలో ఇచ్చే రక్షణ సామగ్రి మనిషికి సరిపోయి తీరాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఇది కొందరి మొండిపట్టు కాదని యజమానికి చూపించడానికి పనికొస్తుంది.

టాయిలెట్ గురించి కూడా ముందే మాట్లాడండి. తాళం పడేది, నీళ్లుండేది, పనిచోటుకు నాలుగైదు నిమిషాల నడకలో ఉండేది కావాలి. లేకపోతే పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో అది వడదెబ్బకు, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కు దారి. ఆ తర్వాత సెలవులు, ఆపైన "ఆడవాళ్లు రెగ్యులర్‌గా రారు" అన్న మాట.

అప్రెంటిస్ వ్యవహారాలు:

మీరడిగిన "ఎక్కడ జారిపోతున్నారు" అన్నదానికి జవాబు కోర్సు తర్వాతి మొదటి ఆరు నెలల్లో ఉంది. బడ్జెట్‌లో కనీసం మూడో వంతు ఆ ఆరు నెలలకు పక్కన పెట్టండి, సభ ఖర్చు పూర్తిగా తీసేసినా సరే. చేరిన మొదటి జీతం నెలకో నెలన్నరకో వస్తుంది. ఈలోపు ప్రయాణం, పిల్లల్ని చూసుకునేవాళ్ల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? సైట్ పని పొద్దున్నే మొదలవుతుంది, బడి ఆ వేళకు తెరవరు. ఆ సాయం ఎనిమిది వారాలు, వారం వారం ఇవ్వండి. నెలాఖరుకు మొత్తంగా ఇస్తామంటే మూడో వారంలోనే మానేస్తారు.

స్పాన్సర్ అంటే డబ్బిచ్చేవాళ్లనే అనుకుంటున్నాం. పనిచోట ఇంకో స్పాన్సర్ కావాలి. సలహాలు చెప్పేవాళ్లు దొరుకుతారు. "రేపటి ప్యానెల్ పని ఈ అమ్మాయికివ్వండి, బాధ్యత నాది" అని మీటింగులో ఆమె పేరెత్తి వెనకేసుకొచ్చే సీనియర్ వేరు. యజమానితో రాసుకునే ఒప్పందంలో ఆ మనిషి పేరు ఉండాలి. పక్కనే పనుల చిట్టా: ఏ పని, ఎన్ని గంటలు, ఏ వారానికి. వారానికోసారి ఇద్దరూ సంతకం చేయాలి. చిట్టా లేకపోతే ఊడ్చడం, సామాను అందించడం, లేబుళ్లు అంటించడంతోనే నెలలు గడుస్తాయి. ఏడాది చివర "ఈమెకు పని రాదు" అంటారు, నేర్పించలేదన్న సంగతి కాగితం మీద ఉండదు.

ఒక సైట్‌కు ఒంటరిగా ఎవరినీ పంపకండి, కనీసం ఇద్దరు. వైరింగ్ నలుగురిని నాలుగు చోట్ల పంచితే కాగితం మీద బావుంటుంది, నిలబడేవాళ్లు తగ్గుతారు. అమెరికాలో 1978లో ప్రభుత్వ నిర్మాణ కాంట్రాక్టుల్లో మహిళల పనిగంటలకు 6.9 శాతం లక్ష్యం పెట్టారు. దశాబ్దాలు గడిచినా అక్కడి నిర్మాణ వృత్తుల్లో వాళ్ల వాటా 5 శాతం లోపే ఉండిపోయింది. కొందరు కాంట్రాక్టర్లు అవే నాలుగు ముఖాలను ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు తిప్పి లెక్క చూపించేవాళ్లు. అందుకే మీ లెక్కలో తలలు కాకుండా గంటలు రాయించండి.

వేధింపుల ఫిర్యాదు సూపర్‌వైజర్ దగ్గరికే వెళ్లాల్సిన ఏర్పాటైతే అది ఏర్పాటే కాదు. బయటి మనిషి ఫోన్ నంబరు మొదటిరోజే చేతికివ్వండి. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒప్పందం అప్రెంటిస్‌లనూ, శిక్షణలో ఉన్నవాళ్లనూ పేరుపెట్టి చేర్చింది, పనికి వచ్చిపోయే దారిని కూడా. యజమానితో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

శిక్షణ నిర్వాహకురాలు:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఇద్దరు యజమానులు ఒకే మాటంటున్నారు: "బరువులు ఎత్తలేరు కదా." ఏమని జవాబివ్వాలి? వైరింగ్ బ్యాచ్ గురించి కూడా ఎవరైనా చెబుతారా?

సైట్ సేఫ్టీ:

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన ఎత్తుడు సూత్రం 23 కిలోలతో మొదలవుతుంది, అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే. ఒంటికి దూరంగా పట్టుకున్నా, నడుము తిప్పినా, మాటిమాటికీ ఎత్తినా అంకె తగ్గుతూ పోతుంది. ఆ సూత్రంలో ఆడా మగా అన్న లెక్క లేదు. 50 కిలోల బస్తా ఒక్కరే ఎత్తాల్సిన సైట్‌లో మగవాళ్ల నడుములూ పోతున్నాయి. ట్రాలీ, గొలుసుతో బరువెత్తే చెయిన్ బ్లాక్, ఇద్దరు పట్టడం అందరికీ కావాలి. ఇక బిగించే పనిలో చూడాల్సింది పిడి పొడవు. 300 మి.మీ. పానా బదులు 600ది పట్టుకుంటే అదే బలానికి టార్క్, అంటే తిప్పే శక్తి, రెట్టింపు. పొట్టి పానాకు పైపు తొడిగి లాగడం మాత్రం నేర్పొద్దు, దవడ విరిగి ముఖానికి తగులుతుంది.

ఎలక్ట్రీషియన్:

వైరింగ్ బ్యాచ్ చెక్క బోర్డు మీద టూవే స్విచ్ కలపడంతో ఆగిపోతే సైట్‌లో మొదటి రోజే తెల్లమొహం వేస్తారు. అక్కడుండేది గోడ కొట్టడం, పైపులోంచి తీగ లాగడం, నిచ్చెన మీద నిలబడి తలపైన డ్రిల్ చేయడం. ఒక మూల నిజం గోడ కట్టించి కొట్టించండి. నాలుగు మీటర్ల ఎత్తుకు నిచ్చెన కాలు ఒక మీటరు దూరంలో ఉండాలి. తీగ లాగేటప్పుడు మూడో వంపు దగ్గర ఇరుక్కుంటుంది. బలంగా గుంజితే ఇన్సులేషన్ గీసుకుపోతుంది, కాబట్టి అటువైపు ఒకరు తోస్తుంటే ఇటువైపు ఒకరు లాగాలి.

మొదటి రోజు నుంచీ ఒక అలవాటు పట్టించండి. కరెంటు ఆపి, బ్రేకర్‌కు తాళం వేసి, కరెంటు ఉందో లేదో చూపే మల్టీమీటరును ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి, తర్వాత పనిచేసే చోట, మళ్లీ కరెంటున్న చోట. మధ్యలో మీటరే పాడైతే తెలిసేది ఆ మూడో చూపులోనే.

టూల్ కిట్ ఆమె సొంతమని రాసివ్వండి. చాలా సంస్థలు కోర్సు మధ్యలో మానేస్తే వెనక్కి తీసుకుంటామని షరతు పెడతాయి, సర్టిఫికెట్ బిగబట్టి ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. ఆ షరతు మీ ఒప్పందంలో ఉంటే ఇప్పుడే కొట్టేయించండి. మల్టీమీటర్, 1000 వోల్టుల ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్ కోర్సు మొదట్లోనే ఇచ్చి, డ్రిల్ మెషిన్ పనిలో చేరిన రోజు ఇవ్వండి.