పార్కులో నల్లరాయి, మధ్యలో సోల్జర్ ఆకారంలో ఖాళీ.. గోల్డ్ స్టార్ ఫ్యామిలీ అంటే ఎవరెవరు?

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. మేముండేది అమెరికాలో. మొన్న శనివారం పిల్లల్ని సైకిళ్ళు తొక్కించడానికి దగ్గర్లో పార్కుకి తీసుకెళ్తే అక్కడో మూల నల్ల గ్రానైట్ రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి, మధ్యలో సెల్యూట్ కొడుతున్న సోల్జర్ ఆకారం కత్తిరించేసి ఉంది, అంటే బొమ్మ కాదు, ఖాళీ, అందులోంచి వెనకాల చెట్లు కనపడతాయి. మా చిన్నాడికి ఆరేళ్ళు, వాడు ఆ ఖాళీలో చెయ్యి పెట్టి అటూ ఇటూ ఊపి "నాన్నా, ఈ అంకుల్ ఎటెళ్ళాడు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ముందువైపు గోల్డ్ స్టార్ ఫ్యామిలీస్ అని ఉంది. నిజం చెప్పాలంటే స్కూల్లో నోట్‌బుక్ మీద అతికించే స్టిక్కర్ లాంటిదేమో అనుకున్నా (తిట్టకండి). అసలు కథేంటో తెలిసినవాళ్ళు చెప్తారా? కుటుంబం అంటే భార్యాపిల్లలేనా, అమ్మానాన్న, అన్నదమ్ములు కూడా వస్తారా?

ఎందుకడుగుతున్నా అంటే మా పెదనాన్న 71 యుద్ధంలో పోయారు. పెద్దమ్మకి పెన్షన్ వచ్చింది, మంచిదే. నానమ్మ మాత్రం చనిపోయేదాకా ఆయన ఫొటోకి దండ వేయనివ్వలేదు, ఏ జెండా పండక్కీ ఎవరూ ఆవిణ్ణి పిలవలేదు. మన దగ్గర ఫ్యామిలీ కోసం ఇలాంటి పార్కు ఎక్కడైనా ఉందా?

పసుపురిబ్బన్:
తిట్టం గానీ ఆ స్టిక్కర్ మాట ఇక్కడెవరి ముందూ అనకండి 🙂 మావారు మావ్నీ అనే స్కీములో ఇక్కడి ఆర్మీలో చేరారు, అదే, వీసా మీదున్నవాళ్ళని కూడా తీసుకునేవాళ్ళు కదా, 2016లో ఆగిపోయింది, ఆ బ్యాచ్‌ల్లో మన తెలుగు కుర్రాళ్ళు బాగానే ఉండేవాళ్ళు.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1917 నుంచి, ఇంట్లో ఎవరన్నా సర్వీసులో ఉంటే కిటికీకి నీలం నక్షత్రం ఉన్న చిన్న జెండా కట్టడం మొదలెట్టారు. మనిషి పోతే ఆ నీలం మీద బంగారు రంగు నక్షత్రం కుట్టేసేవాళ్ళు. అదీ గోల్డ్ స్టార్. అంటే మేం బ్లూ స్టార్ ఫ్యామిలీ. ఒకసారి గుళ్ళో ఒకావిడ తెలీక "మీరు గోల్డ్ స్టార్ కదా" అంది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మావారు అప్పుడు డిప్లాయ్‌మెంట్‌లో ఉన్నారు.

ఆ రాళ్ళు పెట్టించాలని మొదలెట్టినాయన పేరు వుడీ విలియమ్స్. వెస్ట్ వర్జీనియా. రెండో ప్రపంచయుద్ధంలో, 1945లో జపాన్ దీవి ఇవో జిమాలో పోరాడినందుకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అమెరికాలో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం అది, 2022లో 98 ఏళ్ళకి పోయారు. సైన్యంలో చేరకముందు కుర్రతనంలో టాక్సీ నడుపుతూ, కొడుకు చనిపోయాడు అన్న టెలిగ్రాములు ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చింది ఆయనే. తర్వాత ఎన్నో ఏళ్ళకి తల్లుల గురించి ఓ మీటింగ్‌లో మాట్లాడాక ఒక తండ్రి దగ్గరకొచ్చి "నాన్నలు కూడా ఏడుస్తారు" అన్నాట్ట. అప్పుడనుకున్నాడట తల్లికొకటి భార్యకొకటి కాదు, మొత్తం కుటుంబానికి పెట్టాలని. మొదటిది 2013లో వాళ్ళ రాష్ట్రంలోనే, డన్‌బార్ అనే ఊళ్ళో సైనికుల శ్మశానంలో పెట్టారు, ఇప్పుడు దేశమంతా వంద పైనే ఉన్నాయి. ఈసారి వెళ్తే వెనకవైపు కూడా చూడండి, నాలుగు పలకలుంటాయి, మాతృభూమి, కుటుంబం, దేశభక్తుడు, త్యాగం అని. బొమ్మలు ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంటాయి, అక్కడి వాళ్ళే ఎంచుకుంటారు. మీ ప్రశ్నకి జవాబు కూడా ముందువైపే చెక్కి ఉంటుంది, కుటుంబాలకీ "బంధువులకీ" అని. తమ్ముడు, చెల్లి, తాతయ్య అందరూ వచ్చినట్టే.

నిజంమాట్లాడుదాం:
రాళ్ళు బాగానే ఉంటాయి బాసూ. మా పక్కింటి ఆంటీ జవాన్ భార్య, ఏటా నవంబర్లో బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, ఒక ఏడు వేలిముద్ర పడక మూడుసార్లు తిప్పారు, ఆవిడ వేళ్ళు బీడీలు చుట్టి చుట్టి అరిగిపోయాయి మరి. పార్కులూ గీర్కులూ తర్వాత, ముందు అది చూడమనండి.

సుబేదార్_రిటైర్డ్_తాడేపల్లిగూడెం:
బాబూ నిజం, నువ్వన్నదీ నిజమే గానీ రెంటికీ పోటీ పెట్టకు. పెన్షన్ ఆకలికి. రెండోది వేరే. నేను చనిపోయిన కుర్రాళ్ళ ఇళ్ళకి పెట్టె తీసుకెళ్ళినవాణ్ణి, అక్కడ తండ్రి అడిగేది డబ్బు గురించి కాదు, "మావాడు ఆఖర్న ఏమన్నాడండీ" అని.

కృష్ణాతీరం గారికి: కాగితాల మీద మన దగ్గర మామూలుగా భార్య ఉంటే ఫ్యామిలీ పెన్షన్ భార్యకే, తల్లిదండ్రులు తర్వాత. భార్యకైనా ఎన్ని మెలికలో చూడండి. శౌర్య పతకానికి నెలనెలా ఇచ్చే అలవెన్సు ఉంటుంది, భర్త పోయాక ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది, మరిదినో బావగారినో చేసుకుంటే మాత్రం కొనసాగేది! ఆ షరతు 2017 నవంబర్లో గానీ తీసెయ్యలేదు. ఇప్పుడు కొంచెం మారుతోంది. గల్వాన్‌లో పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారి మహావీర్ చక్రని 2021లో భార్య, తల్లి ఇద్దరూ కలిసి వెళ్ళి అందుకున్నారు. టీవీలో చూస్తూ మా ఆవిడ లేచి నిలబడిపోయింది.

కుటుంబాలకంటూ విడిగా పార్కు మన వైపు నేను చూళ్ళేదు. ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్ (2019లో తెరిచారు) త్యాగ చక్ర అనే గోడల వలయంలో స్వాతంత్ర్యం వచ్చాక పోయిన వాళ్ళ పేర్లు ఒక్కో గ్రానైట్ ఇటుక మీద ఒక్కొక్కటి చెక్కి ఉంటాయి, పాతిక వేల పైనే. 71 వాళ్ళందరూ అందులోనే. లోపల స్క్రీన్ మీద పేరు కొడితే ఏ గోడో చూపిస్తుంది, టికెట్ లేదు. ఇంకోటి, రోజూ సాయంత్రం ఒక అమరుడి ఇంటివాళ్ళతో పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. మీ నాన్నగారు తమ్ముడే కదా, జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడగమనండి, ఆయన కూడా పెట్టొచ్చేమో. సర్వీస్ నంబరు, రెజిమెంటు పేరు కావాలి, ఒకే పేరుతో చాలామంది ఉంటారు.

కృష్ణాతీరం:
సుబేదార్ గారూ, రాత్రే నాన్నకి ఫోన్ చేశా. ముందు "ఇప్పుడెందుకురా అవన్నీ" అని పెట్టేశారు. అరగంటకి ఆయనే మళ్ళీ చేసి, నంబరు నానమ్మ ట్రంకుపెట్టెలో టెలిగ్రామ్ మీద ఉంది, పెట్టె అటక మీద ఉంది, నిచ్చెన కోసం పక్కింటికి వెళ్తున్నా అన్నారు. అక్కడ పొద్దున్న ఆరున్నర కూడా కాలేదు.