కార్తీక వనభోజనాలు: పిల్లల కమిటీ, వంట చీటీలు, మిగతా ఏర్పాట్లు

సమన్వయకర్త, బరంపురం:
అందరికీ నమస్కారం. ఒడిశాలో మన తెలుగు సంఘం వనభోజనాలకి తోట ఖరారయింది. ఛత్రపురం దగ్గర తంపర చెరువు వైపు. రెండు ఉసిరి చెట్లున్నాయి, బోరు ఉంది. మరుగుదొడ్డి మాత్రం ఒక్కటే. కార్తీకంలో రెండో ఆదివారం, భోజనాలు 180 మందికి. బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, రాయగడ వాళ్ళు పేర్లు ఇచ్చారు. గుణుపురం వాళ్ళు ఇంకా చెప్పాలి.

ఇక అసలు విషయం. ఈసారి "బాలికల సాధికారత" పేరుతో చేద్దామని కార్యవర్గంలో అనుకున్నారు. బ్యానర్ డిజైన్ కూడా వచ్చేసింది. బ్యానర్ సంగతి తరవాత చూద్దాం. మన వనభోజనాలు ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. తెల్లవారుజామునే లేచి ఆడవాళ్ళు పులిహోర కలుపుతారు. మగవాళ్ళు షామియానా కట్టించి పేకాటకి కూర్చుంటారు. పదమూడు, పద్నాలుగేళ్ళ అమ్మాయిలు పట్టులంగాలు కట్టుకుని స్వాగత నృత్యం చేసి, ముఖ్య అతిథికి బొకే ఇచ్చి, ఆ తరవాత విస్తళ్ళు కూడా వాళ్ళే వేస్తారు. అదే వయసు అబ్బాయిలు బ్యాటు పట్టుకుని పోయి భోజనాల వేళకి తిరిగొస్తారు. ఈ సీను వెనకాల ఆ బ్యానర్ కడితే మన పిల్లలే నవ్వుతారు.

1992లో యూనిసెఫ్ కోసం రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించారు. కింది మూడు మెట్లని ఆయన భాగస్వామ్యం కింద లెక్కే వెయ్యలేదు. పెద్దలు తమ మాటని పిల్లల నోట పలికించడం ఒకటి, పిల్లల్ని అలంకారానికి నిలబెట్టడం రెండు, పేరుకి ఒక కుర్చీ వేసి ఊరుకోవడం మూడు. మన స్వాగత నృత్యం సరిగ్గా రెండో మెట్టు.

అందుకని నా ప్రతిపాదన ఇది. 10 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలతో ఒక కమిటీ, సగం అమ్మాయిలు, సగం అబ్బాయిలు. మొత్తం బడ్జెట్ 60,000లో 15,000 వాళ్ళ చేతికి. భోజనాలకి ముందు గంటన్నర వాళ్ళది, ఆ సమయంలో ఏం చెయ్యాలో వాళ్ళే తేలుస్తారు. ముఖ్య అతిథి వద్దు. వంటకి, వడ్డనకి, అంట్లకి చీటీలు వేద్దాం, ఆడా మగా తేడా లేకుండా. అభ్యంతరాలు ఇక్కడే చెప్పండి, ఫోన్లలో వద్దు.

కోశాధికారి:
వదినా, 15,000 పిల్లల చేతికి అంటే ఎలా? రేపు లెక్కల్లో బిల్లు లేకపోతే నన్నే అడుగుతారు. వద్దనడం లేదు, పద్ధతి చెప్పండి.

సమన్వయకర్త, బరంపురం:
డబ్బు మీ దగ్గరే ఉంటుంది. దేనికి ఖర్చు పెట్టాలో కమిటీ నిర్ణయిస్తుంది. బిల్లు తెచ్చాక మీరు ఇస్తారు. అవసరమా కాదా అన్న చర్చ మాత్రం మనం పెట్టకూడదు. పెద్దవాళ్ళ కమిటీ షామియానా వాడికి అడ్వాన్స్ ఇచ్చినప్పుడు ఎవరూ ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు మరి.

కోశాధికారి:
సరే. రసీదు పుస్తకం ఒకటి వాళ్ళకి విడిగా ఇస్తాను.

గోపాల్‌పూర్ వాలంటీర్:
మా వైపు జాలరి ఇళ్ళ నుంచి పిల్లల్ని నేను తీసుకొస్తాను. ఒక్క మాట. అంగన్‌వాడీలో శనివారాలు అద్విక సమావేశాలు జరుగుతాయి కదా, 10 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిలకి ప్రభుత్వం 2020లో మొదలుపెట్టినవి. చదువు, పోషణ, రక్షణ, బాల్యవివాహాలు అన్నీ చెబుతారు. మా అమ్మాయిలు కొందరు వెళ్తారు, బుద్ధిగా వింటారు, ఇంటికొస్తారు. నోరు తెరిచి ఏమీ అడగరు. ఒడియా రాక కాదు, బడిలో చదివేది అందులోనే. ఒంటి గురించో, నెలసరి గురించో అడగాలంటే ఇంట్లో మాట్లాడే తెలుగే నోటికొస్తుంది. అది అక్కడ అడగడానికి మొహమాటం. మన సంఘం ఏదైనా చెయ్యగలిగితే అది ఇక్కడే. ఉపన్యాసం వద్దు, తెలుగులో అడిగే చోటు ఇవ్వండి చాలు.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మాయ్, నీ ఉత్సాహం మంచిదే. రెండు సందేహాలు. కార్తీక మాసం, ఉసిరి చెట్టు కింద కుటుంబాలతో కూర్చుని బాల్యవివాహాలు, నెలసరి అనుకుంటే పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు. వచ్చేవాళ్ళలో కూతుళ్ళకి పెందరాళే పెళ్ళిళ్ళు చేసినవాళ్ళూ ఉంటారు, వాళ్ళని నలుగురిలో దోషుల్లా కూర్చోబెట్టినట్టు అవుతుంది. ఇక రెండోది, బరంపురం ఉన్న గంజాం జిల్లాని బాల్యవివాహాలు లేని జిల్లాగా 2022లోనే ప్రకటించారు. మళ్ళీ ఎందుకు తవ్వడం?

సమన్వయకర్త, బరంపురం:
మాస్టారూ, మొదటి మాట నిజమే. ఎవర్నీ వేలెత్తి చూపేలా ఉండకూడదు. అందుకే నాటకం, ఉపన్యాసం నేనూ అడగడం లేదు.

రెండోదానికి మాత్రం ఒప్పుకోలేను. జిల్లా యంత్రాంగం నిజంగానే కష్టపడింది. పెళ్ళికి ఆధార్ అడగడం, బాలికల కోసం నిర్భయ కఢీ పేరుతో ఊరూరా కార్యక్రమం, అవన్నీ మనం చూసినవే. కానీ ప్రకటన వచ్చాక పదేళ్ళ పిల్లలు పదిహేనేళ్ళ వాళ్ళు అవుతూనే ఉంటారు కదా, పని ఆగదు. పైగా మన తెలుగువాళ్ళకి ఇంకో సంగతి ఉంది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఒడిశాలో నూటికి 20.5, దేశం మొత్తం మీద 23.3, ఆంధ్రలో 29.3. మన సంబంధాలు ఎక్కువగా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపే కదా. ఇక్కడ ఆధార్ అడుగుతున్నారంటే అక్కడ మేనమామ ఇంట్లో ముహూర్తం పెట్టుకునే వీలుంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం సరిహద్దులో గిరిసోల గేటు దగ్గర ఆగిపోదు, అమ్మాయికి 18, అబ్బాయికి 21 అటూ ఇటూ ఒకటే. పిల్లల సహాయ నంబరు 1098కి అటువైపు నుంచి చేసినా పలుకుతుంది. ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద పిల్లలకి తెలిస్తే చాలు, పెద్దవాళ్ళకి మనం చెప్పక్కర్లేదు.

రాయగడ వాలంటీర్:
వంట చీటీల సంగతి ఎవరూ ఎత్తడం లేదేమిటి? అందరూ మౌనంగా ఒప్పుకున్నట్టా, మౌనంగా ఎగ్గొట్టినట్టా? 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. చేసే మగవాళ్ళు అన్నాను, అసలు ముట్టుకోనివాళ్ళు ఆ లెక్కలోకే రారు. వనభోజనాల రోజు మన సంఘంలో ఆ 97 కూడా ఉండదు. ఈసారి నాకు అంట్ల చీటీ వచ్చినా సరే, తోముతాను. పులిహోర మాత్రం నా పేరు మీద రాయకండి.

మస్కట్ సభ్యుడు:
అందరికీ నమస్తే. ఎప్పటిలాగే నా వంతు 10,000 పంపిస్తున్నాను. ఇక్కడ మా సంఘంలో పండగలకి స్టేజీ అంతా హైస్కూల్ పిల్లలే నడుపుతారు, మైకు దగ్గర్నుంచి టైమింగ్ దాకా. మొదట్లో గందరగోళం అయ్యేది, ఇప్పుడు పెద్దవాళ్ళు చేసినదానికన్నా నయం. కాబట్టి కమిటీకి నా ఓటు. కానీ స్వాగత నృత్యం తీసెయ్యకండి, మా అమ్మ ప్రతి ఏడాదీ లైవ్‌లో చూస్తుంది. లైవ్ లింక్ పెడతారు కదా?

సమన్వయకర్త, బరంపురం:
అన్నయ్యా, థాంక్స్. నృత్యం చెయ్యాలని పిల్లలకి ఉంటే చేస్తారు, అతిథి కోసం కాదు. లైవ్ మాత్రం పిల్లల్నీ, తల్లిదండ్రుల్నీ అడిగి. కిందటిసారి వీడియోలోంచి ఒక అమ్మాయి ఫొటో ఎవరో పెళ్ళి సంబంధాల గ్రూపులో పెట్టారు. ఆ ఇంట్లో ఎంత గొడవయిందో కొందరికి తెలుసు. భజనలు, భోజనాలు లైవ్ ఇద్దాం. పిల్లల గంటన్నర కెమెరా లేకుండా.

గోపాల్‌పూర్ వాలంటీర్:
ఆ గంటన్నరలో పిల్లలు చెప్పినవన్నీ రాసుకుంటాం సరే. తరవాత ఎక్కడికి? మన అల్మారాలోకా?

సమన్వయకర్త, బరంపురం:
పంచాయతీ ప్రణాళికలోకి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఏటా అక్టోబరు 2 నుంచి ప్రచారం నడుస్తుంది, మన కార్తీకం ఆ సమయంలోనే వస్తుంది. పంచాయతీరాజ్ శాఖ పెట్టిన తొమ్మిది లక్ష్యాల్లో పిల్లలకి అనుకూలమైన ఊరు ఒకటి, ఆడవాళ్ళకి అనుకూలమైన ఊరు ఇంకొకటి. గ్రామసభలో ఓటు 18 దాటినవాళ్ళదే అయినా, దానికి ముందు బాలసభ పెట్టి పిల్లల మాట తీసుకోమని మార్గదర్శకాల్లోనే ఉంది. చాలా చోట్ల కాగితం మీదే జరుగుతుంది. మనవాళ్ళు రాసిన జాబితా చేతిలో ఉంటే వార్డు మెంబరుని అడగడానికి ఒక ఆధారం. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే కదా, అడిగితే వినే మెంబరమ్మలు ఉంటారు. భర్తలు కాకుండా వాళ్ళే వినేలా అడగాలి, అంతే.

గోపాల్‌పూర్ వాలంటీర్:
అది ఆర్యపల్లి వైపు పిల్లలకి పనికొస్తుంది. గోపాల్‌పూర్ ఎన్‌ఏసీ, అంటే చిన్న పట్టణ పాలక సంస్థ, మాకు గ్రామసభ లేదు. బరంపురం కార్పొరేషన్. మా జాబితా కౌన్సిలర్ దగ్గరికి విడిగా తీసుకెళ్ళాలి. నేను వెళ్తాను, పిల్లలు ఇద్దరు నాతో రావాలి.

ప్లస్ టూ విద్యార్థిని, పిల్లల కమిటీ తరఫున:
ఆంటీలకి, అంకుల్స్‌కి నమస్తే. నిన్న మేము వీడియో కాల్‌లో కలిశాం. పర్లాకిమిడి, రాయగడ వాళ్ళు కూడా వచ్చారు. మేము అనుకున్నవి రాస్తున్నాను.

మొదట మరుగుదొడ్డి. 180 మందికి ఒకటి అంటే అమ్మాయిలు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారు. మా 15,000లోంచి రెండు మొబైల్ టాయిలెట్లు అద్దెకి తీసుకుంటాం, ఒకటి అమ్మాయిలకే. అందులో ప్యాడ్‌లు, చెత్తబుట్ట పెడతాం. ప్రభుత్వ ఖుషీ పథకం కింద బడిలో ఇచ్చిన ప్యాడ్‌లు మాలో కొందరి దగ్గర ఉన్నాయి, మిగతావి కొంటాం.

బస్సు సాయంత్రం నాలుగుకే బయల్దేరాలి. చీకటి పడితే వచ్చేసారి నాన్న పంపరని ముగ్గురు చెప్పారు. పర్లాకిమిడి వాళ్ళు రైల్లో వస్తే నౌపడా మీదుగా రావాలి, అంటే ఆంధ్రలోకి వెళ్ళి మళ్ళీ ఒడిశాలోకి రావాలి. వాళ్ళకి జీపు కావాలి.

గంటన్నరలో ప్రశ్నల పెట్టె. ముందే చీటీల మీద పేరు లేకుండా రాసి వేస్తాం. జవాబులకి మా వయసు పిల్లల కోసం ప్రభుత్వం నడిపే శ్రద్ధా క్లినిక్ నుంచి కౌన్సెలర్‌ని పిలవగలరా, తెలుగు వచ్చినవాళ్ళని? మొదట అమ్మాయిలు, అబ్బాయిలు విడివిడిగా, చివర అరగంట కలిసి. అబ్బాయిలు ఒకటి అడిగారు. టెన్త్ అవగానే సూరత్ వెళ్ళమని ఇంట్లో అంటున్నారట, అక్కడ పనిచేసి వచ్చిన అన్నయ్య ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెబితే వింటామన్నారు. ఇది అబ్బాయిల సమస్య కదా, ఈ కార్యక్రమంలో పెట్టొచ్చా అని కూడా అడిగారు. మేము పెట్టొచ్చని చెప్పేశాం.

"సాధికారత" బ్యానర్ వద్దు. మా అట్టలు మేమే రాసుకుంటాం. మాలో ఎక్కువమందికి తెలుగు రాయడం రాదు, ఒడియా లిపిలో రాస్తాం.

పర్లాకిమిడి మాస్టారు:
తెలుగు సంఘం కార్యక్రమంలో ఒడియా అట్టలా? ఇది ఎంతమాత్రం బాగుండదు తల్లీ.

ప్లస్ టూ విద్యార్థిని, పిల్లల కమిటీ తరఫున:
మాస్టారూ, మీరు వచ్చి నేర్పిస్తే రెండు లిపుల్లోనూ రాస్తాం. ఒక శనివారం ముందే రాగలరా?

పర్లాకిమిడి మాస్టారు:
వస్తాను. మార్కర్లు లావువి కొనండి, సన్నవి నాకు కనపడవు.

సమన్వయకర్త, బరంపురం:
పిల్లల జాబితా మొత్తం ఖాయం. సూరత్ సంగతి తప్పకుండా ఉండాలి. కొడుకు పదహారేళ్ళకే మగ్గం మిల్లుకి, కూతురు పదహారేళ్ళకే అత్తవారింటికి, రెండూ ఒకే ఇంటి లెక్కలు. అప్పు ఎంత, కట్నం ఎంత, ఎవరి చదువు ఎక్కడ ఆపాలి అని పెద్దవాళ్ళు కూడుకునేటప్పుడు ఆ పిల్లలిద్దరూ పక్క గదిలోనే ఉంటారు.

శ్రద్ధా క్లినిక్‌కి నేను మాట్లాడతాను. జీపు ఏర్పాటు మాస్టారిది. వంట చీటీలు నిన్న సాయంత్రం తీశాం, జాబితా ఇదిగో. పులిహోర: కోశాధికారి, మాస్టారి అల్లుడు, ఇంకా ఇద్దరు. దాల్మా: అబ్బాయిల కమిటీ. పచ్చళ్ళు, పెరుగు: గోపాల్‌పూర్ బ్యాచ్. వడ్డన అందరూ వంతులవారీగా. అంట్లు: రాయగడ వాలంటీర్‌కి నిజంగానే వచ్చింది, తోడు మరో ఐదుగురు, అందులో నలుగురు మగవాళ్ళు. చీటీలు మార్చుకోవడం కుదరదు, భార్యలతో మార్చుకోవడం అసలే కుదరదు.

కోశాధికారి:
పులిహోర నాకా? చింతపండు గుజ్జు ఇంటి దగ్గర మా ఆవిడ చేసిస్తే తప్పా?

రాయగడ వాలంటీర్:
తప్పే.

అబ్బాయిల కమిటీ నుంచి:
ఆంటీ, దాల్మాకి 180 మందికి కందిపప్పు ఎంత పొయ్యాలి? పచ్చి బొప్పాయి, గుమ్మడికాయ, కంద, అరటికాయ, వంకాయ రాసుకున్నాం. కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి వెయ్యం.

సమన్వయకర్త, బరంపురం:
ఎనిమిది కిలోలు సరిపోతుంది బాబూ, కూరముక్కలు దానికి రెట్టింపు. జీలకర్ర, ఎండుమిర్చి వేయించి పొడి ముందురోజే కొట్టుకోండి. గ్యాస్ సిలిండర్లు మూడు ఉన్నాయి, నాలుగోది ఎవరి దగ్గరుందో ఇవాళ రాత్రిలోగా చెప్పండి.