అందరి చేతికీ ఫోను వస్తే అంతరం తీరినట్టేనా?

తుంగభద్ర (సర్జాపుర రోడ్డు, బెంగళూరు):

గత ఆదివారం మనం కొందరం కలుసుకున్నప్పుడు సగంలో ఆగిపోయిన మాటను ఇక్కడ మళ్లీ ఎత్తుకుంటున్నాను. ప్రపంచంలో సమాచార సాధనాలు విస్తరిస్తున్న కొద్దీ వాటి అందుబాటులో ఉన్న అసమానత దానంతటదే కరిగిపోతుందా, లేక దాన్ని తీర్చడానికి ప్రభుత్వాలు ప్రత్యేకంగా పూనుకోవాలా అన్నది ప్రశ్న. కరిగిపోతుందనే నా అభిప్రాయం. నెట్‌వర్కుల పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా ఈ మాట అంటున్నాను.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న వెళ్లింది. కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నిమిషానికి ₹16 దాకా పడేది, వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టవలసి వచ్చేది. 2003లో వచ్చే కాల్ ఉచితమైంది, 2016 తరువాత డేటా ధర నేలకు దిగింది. ప్రపంచం మొత్తం మీద చూసినా 2005లో సుమారు 100 కోట్ల మంది ఇంటర్నెట్ వాడితే, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2024 అంచనా ప్రకారం ఆ సంఖ్య 550 కోట్లకు, అంటే జనాభాలో 68 శాతానికి చేరింది. రోడ్డు గానీ కరెంటు గానీ మంచినీళ్లు గానీ ఇంత వేగంగా ఇంతమందికి చేరిన దాఖలా నాకు తెలియదు.

ఇంకొక సంగతి. కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య మొబైల్ ఫోన్లు వచ్చినప్పుడు చేపల అంగళ్లలో ఏం జరిగిందో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ అధ్యయనం చేశారు. అంతకు ముందు ఒక రేవులో చేపలు అమ్ముడుపోక పారబోస్తుంటే, పక్క రేవులో కొనేవారికి చేపలు దొరికేవి కావు. పడవలోంచే ఏ రేవులో ధర ఎంతో కనుక్కునే వీలు కలిగాక పారబోత దాదాపుగా ఆగిపోయింది, జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. ఫోను కొనని జాలరికి కూడా ఈ మేలు అందింది. విస్తరణ తన దారిన తాను పోతూ, ఫోను లేనివారిని కూడా వెంట తీసుకుపోతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

చిత్రావతి (కాడుగోడి):

తుంగభద్ర గారూ, మీరు చెప్పిన అంకెలను నేను కాదనను. అదే సంఘం అదే ఏడాది ఇచ్చిన మిగతా అంకెలు కూడా పక్కన పెట్టి చూద్దాం. సంపన్న దేశాలలో 93 శాతం మంది ఇంటర్నెట్ వాడుతుంటే, అత్యంత పేద దేశాలలో 27 శాతం మంది మాత్రమే వాడుతున్నారు. ప్రపంచంలోని పట్టణవాసుల్లో 83 శాతం, పల్లెవాసుల్లో 48 శాతం. 5జీ సంపన్న దేశాల్లో 84 శాతం జనాభాకు చేరువైంది, పేద దేశాల్లో 4 శాతానికే చేరింది. వెనకబడినవారు ఒక మెట్టు ఎక్కేసరికి ముందున్నవారు ఇంకో మెట్టు ఎక్కుతున్నారు. పై మెట్టు వాళ్ల కోసం తయారైన సేవలు కింది మెట్టు ఫోనులో తెరుచుకోవు.

అయితే నాకు ఈ శాతాల కన్నా పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. ఊరంతటికీ ఫోను లేని రోజుల్లో ఫోను లేకపోవడం ఎవరికీ విడిగా లోటు కాలేదు. ఉత్తరం అందరికీ ఒకే పోస్టుమ్యాన్ తెచ్చేవాడు, బ్యాంకులో అందరూ ఒకే వరసలో నిలబడేవారు. ఇప్పుడు ఎక్కువమందికి ఫోను వచ్చింది గనుక ఆ వరసలను ఎత్తేస్తున్నారు. అంటే ఫోను లేనివారు ఉన్నచోటే ఉండిపోలేదు, అంతకు ముందు తమకున్న దారిని కూడా పోగొట్టుకున్నారు. మీ చేపల అంగడిలో పాత దారిని ఎవరూ మూయలేదు. ఫోను లేని జాలరి తన పడవను ఎప్పటిలాగే రేవుకు తెచ్చుకోగలిగాడు, అందుకే అతనికీ మేలు జరిగింది.

మా అపార్ట్‌మెంటులో మూడు ఇళ్లలో పనిచేసే అక్క ఒకామె ఉంది, కదిరి వైపు మనిషి. ఆమె బ్యాంకు ఖాతా ఊళ్లో ఉంది, ఆ ఖాతాకు ముడిపెట్టిన నంబరు భర్త పేరు మీదిది. ఆయన మంచాన పడ్డ నాలుగు నెలలు రీఛార్జి చేయించలేదు. నంబరు రద్దయి, కొన్నాళ్లకు ఇంకెవరికో వెళ్లిపోయింది. ఇప్పుడు ఆమె తన డబ్బు తీసుకోవాలంటే ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి పోతోంది. ఇక్కడి శాఖకు వెళ్తే సొంత శాఖకే వెళ్లి నంబరు మార్చుకోమన్నారు. వెళ్లాలంటే రెండు రోజుల పని పోతుంది, బస్సు ఛార్జీ వేరే. అంతకు ముందు నంబరు బతికి ఉన్న రోజుల్లో కూడా ఇబ్బందే. పగిలిన గాజు మీద ఇంగ్లీషులో వచ్చిన మెసేజీని చదివించుకోవడానికి ఆమె రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వచ్చి, “అక్కా, అదేనా చూడు, ఆరు అంకెలు ఉన్నాయా?” అని అడిగేది. గాజు చీలిక సరిగ్గా నాలుగో అంకె మీద ఉండేది. అది 3 అవునో 8 అవునో తేల్చుకునేలోగా గడువు దాటిపోయిన రోజులున్నాయి.

ఈమె లెక్కల్లో ఎక్కడ చేరుతుంది? ఇంట్లో ఫోను ఉంది, సిగ్నల్ ఉంది, ఖాతా ఉంది. మీ 68 శాతంలో ఆమె కూడా ఉండవచ్చు.

పాత ఎక్స్ఛేంజి (జయనగర):

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇద్దరి మాటల్లోనూ ఒక ముక్క తప్పిపోయిందనిపించి రాస్తున్నాను.

అసమానత మీద మొట్టమొదటి పెద్ద లెక్క తీసింది సర్ డోనాల్డ్ మెయిట్‌లాండ్ అధ్యక్షతన ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్. 1980ల నడుమ అది ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఉన్న 60 కోట్ల టెలిఫోన్లలో నాలుగింట మూడు వంతులు తొమ్మిది దేశాల్లోనే ఉన్నాయి. ఒక్క టోక్యో నగరంలో ఉన్నన్ని ఫోన్లు ఆఫ్రికా ఖండం మొత్తంలో లేవు. మా శాఖలో అప్పట్లో ఈ మాట చాలాసార్లు విన్నాం. ఆ రోజుల్లోనే, 1984లో, ఇంజనీరు శ్యామ్ పిట్రోడా ప్రోద్బలంతో సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ మొదలైంది. అది తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని 1986లో ఈ కర్ణాటకలోని కిత్తూరులోనే మొదట పెట్టారు. విదేశీ యంత్రాలకు ఏసీ గది కావాలి. ఇది మన ఊళ్ల వేడికీ దుమ్ముకూ తట్టుకునేలా, ఏసీ లేకుండానే నడిచేలా తయారైంది.

ఆ ఎక్స్ఛేంజీలు ఇంటింటికీ ఫోను ఇవ్వలేదని మీకు గుర్తు చేయదలచాను. వాటి వల్ల ఊరికొక పసుపు బోర్డు వచ్చింది. ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ అని రాసిన, డబ్బు కట్టి ఎవరైనా ఫోను చేసుకునే ఆ చిన్న గది కిరాణా కొట్టు పక్కనో బస్టాండు ఎదురుగానో ఉండేది. ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు, అద్దాల తలుపు, బయట వరస. రాత్రి పొద్దుపోయాక ఛార్జీ పావు వంతుకు తగ్గేది గనుక దుబాయిలోనో ముంబైలోనో ఉన్నవాళ్లతో మాట్లాడేవారు ఆ వేళకే వచ్చేవారు. ఆ గదులను కేటాయించడంలో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. దానివల్ల వారికి ఒక బతుకుదెరువు దొరికింది, చదువురానివారికి నంబరు కలిపిపెట్టే మనిషి దొరికాడు. ఫోను ఎవరిదీ కాదు, మాట మాత్రం అందరిదీ.

మొబైల్ వచ్చాక ఆ గదులు మూతపడ్డాయి. అది సహజమే, దానికి నేను విచారించడం లేదు. కానీ అందుబాటు అనే మాటకు అప్పుడున్న అర్థం వేరు, ఇప్పటి అర్థం వేరు. అప్పుడు ఊరికి ఒకటి ఉంటే అందుబాటు ఉన్నట్టు లెక్క. ఇప్పుడు మనిషికి ఒకటి, అదీ తన పేరు మీద, నెల నెలా రీఛార్జితో ఉంటేనే లెక్క. తుంగభద్ర గారు 2003లో వచ్చే కాల్ ఉచితమైందన్నారు, నిజమే. 2018 చివరలో కంపెనీలు కనీస రీఛార్జి పెట్టాక ఆ ఉచితం పోయింది. మొదట 28 రోజులకు ₹35తో మొదలైన ఆ కనీసం 2024 నాటికి రెండు వందల దగ్గరకు చేరింది. చిత్రావతి గారు చెప్పిన అక్క నంబరు పోవడానికి మూలం అక్కడుంది. మాటకూ మెసేజీకీ మాత్రమే పనికొచ్చే ప్యాకు ఒకటి తప్పనిసరిగా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించవలసి వచ్చిందంటే, డేటా అవసరం లేనివారి చేత కూడా డేటా కొనిపిస్తూ వచ్చారని ఒప్పుకున్నట్టే కదా.

బాగేపల్లి టీచరు:

నాది చిన్న మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు కర్ణాటకలో 35 శాతం, తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. దేశం మొత్తం మీద స్త్రీలు 33 శాతం, పురుషులు 57 శాతం. బెంగళూరు ఆఫీసుల్లో ఏ అంతస్తులో చూసినా తెలుగు వినబడుతుంది. ఆ మాట మాట్లాడే రెండు రాష్ట్రాల్లోనే స్త్రీలు అయిదుగురిలో దాదాపు నలుగురు అప్పటికి ఇంటర్నెట్ ముట్టుకోలేదు. మనం ఆఫ్రికా గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా పక్కన ఉండాలని రాశాను. సర్వే జరిగి కొన్నేళ్లయింది, పరిస్థితి కొంత మారి ఉంటుంది. అయినా మా బడిలో పిల్లల తల్లుల నంబరు అడిగితే తండ్రి నంబరో అన్న నంబరో రాస్తున్నారు.

తుంగభద్ర:

బాగేపల్లి టీచరు గారి అంకె నన్ను కలవరపెట్టింది. మా అమ్మకు ఫోను కొనిచ్చాను గానీ, దానిలో వీడియో కాల్ ఎత్తడం తప్ప ఇంకేమీ నేర్పలేదని చదువుతుండగా గుర్తొచ్చింది.

చిత్రావతి గారి వాదనలో ఒక భాగాన్ని ఒప్పుకుంటున్నాను. 2021 మే నెలలో 18 నుంచి 44 ఏళ్లవారికి టీకా కావాలంటే ముందుగా ప్రభుత్వ టీకా వెబ్‌సైటు కోవిన్‌లో నమోదు తప్పనిసరి చేశారు. స్లాట్లు తెరుచుకున్న క్షణాల్లో నిండిపోయేవి. నేనూ నా సహోద్యోగులూ ల్యాప్‌టాప్ ముందు కాచుకుని కూర్చుని, చిక్కబళ్లాపుర వైపు ఒక పల్లె కేంద్రంలో స్లాటు పట్టుకుని కారు వేసుకుని వెళ్లాం. ఆ ఊరివాళ్లు చెట్టు కింద నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. వాళ్ల ఊరి టీకా మేము వేయించుకుని వచ్చాం. ఆ నెలాఖరున సుప్రీంకోర్టు ఈ డిజిటల్ అంతరం గురించి కేంద్రాన్ని నిలదీసింది, తరువాత నేరుగా వెళ్లి వేయించుకునే వీలు అందరికీ వచ్చింది. ఆ చూపులు ఇప్పటికీ నన్ను వదలలేదు.

అయినా నా సందేహం ఒకటి మిగిలే ఉంది. ప్రతి సేవకూ కిటికీ, గుమస్తా, కాగితం ఎప్పటికీ ఉంచాలంటే అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ డబ్బుతో పల్లెకు ఫైబర్, అంటే వేగమైన ఇంటర్నెట్ తెచ్చే తీగ, వేయవచ్చు. 2011లో మంజూరైన గ్రామీణ ఫైబర్ పథకం, ఇప్పటి భారత్‌నెట్, రెండున్నర లక్షల పంచాయతీలను కలపాలనుకుంది. అది అనుకున్న గడువులో పూర్తయి ఉంటే ఈ చర్చ ఇంకోలా ఉండేదని నా నమ్మకం.

చిత్రావతి:

ఫైబర్ వేయవద్దని నేను అనలేదు, తప్పక వేయాలి. కానీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ ఇంట్లోకి రావడానికీ, ఇంట్లోకి వచ్చినది ఆడమనిషి చేతికి రావడానికీ మధ్య ఉన్న దూరాన్ని తీగ దాటలేదు. ఒకప్పుడు ఈ బెంగళూరులోనే మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన కెంటారో టొయామా, పల్లెల్లో ఎన్నో ప్రయోగాలు చూశాక, సాంకేతికత మనుషుల్లో ఉన్న శక్తిని పెంచుతుందే తప్ప లేని శక్తిని తెచ్చిపెట్టదని తేల్చారు. చదువూ డబ్బూ పరిచయాలూ ఉన్నవారికి అది ఎక్కువగా పనికొస్తుంది. మీ టీకా స్లాటు అలా దొరికిందే.

ఖర్చు సంగతి అడిగారు. ప్రతి సేవకూ పాత ఆఫీసు మొత్తం ఉంచమని నేను కోరడం లేదు. పాత ఎక్స్ఛేంజి గారు చెప్పిన పసుపు బోర్డు గది లాంటిది ఒకటి, దానిలో నంబరు కలిపిపెట్టే మనిషి లాంటివారు ఒకరు ఉంటే చాలు. మెసేజీ తెలుగులో, కన్నడంలో రావాలి. నంబరు పోతే ఏ శాఖలోనైనా వేలిముద్రో సంతకమో చూసి మార్చిపెట్టాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కంటిచూపు లేనివారూ యాసిడ్ దాడికి గురైనవారూ కేవైసీ (బ్యాంకుల వంటి చోట్ల చేసే గుర్తింపు తనిఖీ) చేయించుకోలేకపోతున్న కేసులో, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని చెప్పింది. రెప్ప వాల్చలేని మనిషిని కెమెరా ముందు రెప్ప వాల్చమనడం ఎంత క్రూరమో న్యాయస్థానం చెప్పేదాకా ఆ పద్ధతి తయారుచేసినవారికి తోచలేదు. వరసలో చివర నిలబడినవారిని ముందే తలుచుకుని ఉంటే ఆ ఖర్చు చాలా తక్కువలో పోయేది.

అక్క వచ్చే మంగళవారం రాత్రి బస్సుకు ఊరికి వెళుతోంది. నిన్న నాతో దుకాణానికి వచ్చి, ఈసారి తన ఆధార్ ఇచ్చి తన పేరు మీదే కొత్త సిమ్ము తీసుకుంది. 28 రోజుల గడువు ఎప్పటికి అయిపోతుందో లెక్కపెట్టి, మా వంటింటి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టమంది. చుట్టాను. దాని ముందు రోజు కూడా చుట్టమంది.