కడుపుతో ఉన్నప్పుడు తగ్గిన కీళ్లవాతం కాన్పయ్యాక తిరగబెట్టింది, ఎందుకు?

కృష్ణాతీరం:
మా చెల్లెలికి రుమటాయిడ్ కీళ్లవాతం (ఒంటి రోగనిరోధక వ్యవస్థే కీళ్లపై దాడి చేసే జబ్బు). ఐదో నెల నుంచి వేళ్ల వాపు, పొద్దుటి బిగుతు దాదాపు పోయాయి. కాన్పైన ఆరు వారాలకు మళ్లీ మొదలయ్యాయి. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) 60. పాలిస్తోంది. ఇది హార్మోన్ల వల్లేనా? లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాలపైనే దాడి చేసే మరో జబ్బు) మాత్రం గర్భంలోనే ముదరొచ్చంటారు, అదెలా?

కీళ్లవైద్యం:
చాలావరకు హార్మోన్లేనండీ. గర్భంలో ప్రొజెస్టరాన్, కార్టిసాల్, బాగా పెరిగిన ఈస్ట్రోజెన్ కలిసి టీఎన్ఎఫ్ లాంటి వాపు పుట్టించే రసాయనాలను అణుస్తాయి. కీళ్లవాతాన్ని నడిపే వాటిలో అవి ముఖ్యం. మాయ బయటపడ్డాక ఆ అణచివేత కొద్ది రోజుల్లోనే పోతుంది. పైగా పాలకోసం పెరిగే ప్రొలాక్టిన్ రోగనిరోధక కణాలను ఎగదోస్తుంది. అందుకే మొదటి మూడు నెలల్లోనే ఎక్కువమందికి తిరగబెడుతుంది. గర్భిణుల్లోనూ ఈ ఉపశమనం చూసి ఫిలిప్ హెంచ్ అనే అమెరికన్ వైద్యుడు దాన్ని కలిగించే పదార్థం కోసం వెతికాడు. 1948లో కార్టిజోన్ (కార్టిసాల్ లాంటి హార్మోన్) ఇచ్చి చూశాడు, 1950లో నోబెల్ వచ్చింది.

లూపస్ దారి వేరు. అక్కడ హాని చేసేవి బి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) తయారుచేసే యాంటీబాడీలు. ఈస్ట్రోజెన్ వాటిని పెంచుతుంది.

ఈఎస్ఆర్ ఒక్కటే నమ్మకండి, బాలింతకు రక్తం తక్కువగా ఉన్నా పెరుగుతుంది. సీఆర్‌పీ అనే వాపు రక్తపరీక్ష చేయించండి, వాచిన కీళ్లు లెక్కించమనండి. నీరసం ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ కూడా. కాన్పు తర్వాత థైరాయిడ్ వాపు ఇలాగే మొదలవుతుంది.

మందులకొట్టు:
పాలు మాన్పించకండి, దయచేసి. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ మాత్రం పాలిచ్చినన్నాళ్లూ వద్దు. ఇంట్లో పాత స్ట్రిప్ మిగిలుంటే పక్కన పెట్టేయండి. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐబుప్రోఫెన్ వాడొచ్చు. సల్ఫాసలజీన్ కూడా, కానీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, కామెర్లున్నా, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపమున్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆపైన అయితే మాత్ర వేసుకున్నాక నాలుగు గంటలు ఆగి పాలివ్వాలి. మూడు వారాలకు మించి వాడితే ఒక్కసారిగా ఆపకూడదు, అడ్రినల్ గ్రంథి అప్పటికే సొంత కార్టిసాల్ తగ్గించేసి ఉంటుంది.

కృష్ణాతీరం:
లూపస్ సంగతి అడిగింది మా వదిన కోసం. ఆమె బిడ్డను కనాలనుకుంటున్నారు.

కీళ్లవైద్యం:
జబ్బు కనీసం ఆరు నెలలు సద్దుమణిగి, మూత్రంలో ప్రొటీన్ అదుపులో ఉన్నాకే. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపకూడదు, ఆపితేనే ఎక్కువగా తిరగబెడుతుంది. యాంటీ-రో, యాంటీఫాస్ఫోలిపిడ్ అనే యాంటీబాడీల రక్తపరీక్షలు ముందే చేయించాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చూడాలి. అప్పటిదాకా ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వద్దు, రక్తం గడ్డకట్టే ముప్పుంది.